తాళపత్రము – పండితుడు – యంత్రము

అనకాపల్లి వైపునుండి వచ్చు రైలుబండి దువ్వాడ స్టేషను విడిచిన పిమ్మట దాని యెదుట రెండు దారులుండును. విశాఖపట్టణమునకు పోవలసిన బండి యొక దారి పట్టును. ఆ నగరమును తాకకయే విజయనగరము వైపు సాగవలసిన బండి వేరొక దారి పట్టును. విశాఖపట్టణము స్టేషనులో ప్రవేశించిన బండి ఉత్తరమునకు పోవలెనన్న ఇంజనును ఒక కొసనుండి రెండవ కొసకు మార్చుకొనవలసి యుండును. అందుచేత దూరప్రయాణపు బండ్లు కొన్ని నగరమునకు పోవువారిని దువ్వాడలోనే దింపి తమ త్రోవను తాము పోవుచున్నవి. ఉక్కు కర్మాగారమునకు చేరువనున్న యీ ఊరి పిల్లలకు ఈ సంగతి తెలియనిది కాదు.

ఈ దారిలో నొక ప్రకటనను స్టేషనునుండి స్టేషనుకు చేతివ్రాతతో నకలు తీసి పంపుచున్నారనుకొనవలెను. ప్రతి స్టేషనులోని గుమాస్తా తనకు చేరిన చీటిని చూచి క్రొత్త చీటి వ్రాసి ముందునకు పంపును. అనకాపల్లిలోని గుమాస్తా ఒక మాటను తప్పుగా వ్రాసినచో ఆ తప్పు రెండు శాఖలలోని చీటీలకును ఎక్కును. దారి చీలిన పిమ్మట జరిగిన తప్పు మాత్రము ఒక శాఖలోనే కనిపించి రెండవ శాఖలో కనిపింపదు. చివరకు చీటీల నన్నిటిని ఒకచోట పరచి చూచు అధికారి, అసలు ప్రకటన తన చేతిలో లేకపోయినను, ఏ తప్పు ఎచ్చట పుట్టెనో, ఏ చీటి దేనికి నకలో చాలవరకు చెప్పగలడు. ఒకే తప్పును మోయుచున్న చీటీలు ఒకే వంశమువి. ప్రాచీన గ్రంథములను పరిష్కరించు పండితుల పనికి మూలసూత్రమిదియే. పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశపు విద్వాంసుడు కార్ల్ లాఖ్‌మన్ పేర ఈ పద్ధతి ప్రసిద్ధి కెక్కినది.

నన్నయ, తిక్కనల స్వహస్తలిఖితములు మిగులలేదు. వారి కావ్యములు నకలునకు నకలుగా, దానికి మరల నకలుగా చేరినవి. తాటియాకులను ఉడికించి, ఆరబెట్టి, నునుపు చేసి, ఘంటముతో వాటిపై వ్రాసెడివారు. ఘంటపు మొన ఆకును గీచునే కాని రంగు నంటింపదు. వ్రాత ముగిసిన పిమ్మట దీపపు మసిని నూనెతోనో పసరుతోనో కలిపి ఆకుపై రుద్దినచో గీతలలో నలుపు నిలిచి అక్షరములు తేటపడును. ఆకులకు రంధ్రము వేసి, త్రాడు గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకలుంచి కట్టుదురు. తేమయు, చెదలును, ఎలుకలును ఆ కట్టలకు శత్రువులు. ఆకు శిథిలమగు చున్నదని తోచినపుడు దానిని చూచి క్రొత్త ఆకులపై వ్రాయించుకొనెడివారు. అట్లు వ్రాయించుకొనని గ్రంథము ఆకుతోపాటే నశించినది.

వ్రాసినవాడు సామాన్యముగా కవి కాడు, కూలి పుచ్చుకొని వ్రాసెడి లేఖకుడు. వెన్ను వంగి, మెడ నొచ్చి, చూపు మందగించునట్లు శ్రమించి వ్రాసితినని, తప్పులున్న క్షమింపుడని, నూనెనుండియు నీటినుండియు గ్రంథమును కాపాడుడని లేఖకులు కడపటి ఆకున వ్రాసికొనుట పెక్కు ప్రతులలో కనబడును. ఆ మాటలు చదివినవారికి వారి తప్పులపై కోపము రాదు.

ఆ తప్పులు ఎట్టివి? తాళపత్రమున మాటకు మాటకు నడుమ ఎడము లేదు. పద్యము ముగిసినదని తెలుపుటకొక గీత యుండవచ్చును, లేకపోవచ్చును. ‘వానరాక’ అను నాలుగు అక్షరములు చూచినవాడు వాన వచ్చుటను గూర్చి కవి చెప్పుచున్నాడనుకొనును. నాలుగవ అక్షరము ‘కా’ అయి, తరువాతి అక్షరములు ‘రము’ అని యున్నచో, అది ‘వానరాకారము’ అయి, కోతిరూపమని తేలును. చాల ప్రతులలో ఎత్వమునకును ఏత్వమునకును, ఒత్వమునకును ఓత్వమునకును భేదము స్పష్టముగా నుండదు. అట్టి ప్రతిలో ‘మెడ’ యనునదియు ‘మేడ’ యనునదియు ఒక్క తీరుననే కనబడును. ‘ద’ ‘ధ’లకు నడుమ భేదము ఒక చిన్న గీత మాత్రమే. దాని మీదుగా పురుగు పోయినచో ధనము దనమగును. ఆకు విరిగిపోయి కొన్ని అక్షరములు లేకపోయినచోట పండితులు ‘గ్రంథపాతము’ అని గుర్తు పెట్టుదురు. అక్షరములు రాలిపోవుటకు ఇంతకంటె తగిన పేరు దొరకదు.

ఇట్టి ప్రతులను పోల్చి చూచు పనిని తెలుగునాట పెద్దయెత్తున సాగించినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ముఖ్యుడు. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపలో ఉద్యోగమున ప్రవేశించిన యీ యింగ్లీషు అధికారి అచ్చట తోటతో కూడిన బంగళాను కొని, సొంత ఖర్చుతో పండితులను నియమించెను. ఒక కావ్యమునకు దొరకిన ప్రతులన్నియు తెప్పించి, పద్యమునకు పద్యము పోల్పించి, పాఠభేదములు గుర్తింపించి, శుద్ధప్రతిని వ్రాయించెడివాడు. వేమన పద్యములను ఈ తీరుననే సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. ఆయన కొలువుండిన చోట నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయమును, భాషాపరిశోధన కేంద్రమును ఉన్నవి. ఆయన చేసినది మనుష్యుల కన్నులతో, చేతులతో చేసిన పని. ఒక పండితుడు చదువగా, తక్కినవారు తమతమ ప్రతులను పట్టుకొని వినుచు, భేదము వచ్చినచోట ఆపవలెను. మధ్యాహ్న భోజనమైన పిమ్మట ఎవరికైనను ఒక కునుకు పట్టినచో ఒక పాఠభేదము జారిపోవును.

పూనా నగరమున భండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థవారు సంస్కృత మహాభారతమునకు సంశోధిత ప్రతిని సిద్ధపరుపబూని 1919లో పని ప్రారంభించిరి. 1925నుండి తన మరణము వరకు విష్ణు సీతారాం సుక్తంకరు దానికి ప్రధాన సంపాదకుడు. 1,259 వ్రాతప్రతులను పరిశీలించిన ఆ పని 1966లో ముగిసినది. నలువదియేడు సంవత్సరములు! ఆ ముద్రణలో మెచ్చదగిన నియమమొకటి కలదు. సంపాదకుడు ఎన్నుకొన్న పాఠము పైభాగమున నుండును. త్రోసివేసిన పాఠములన్నియు అడుగున నుండును. ఎన్నుకొన్నదానిపై సంపాదకునకు పూర్తి నమ్మకము లేనిచోట అక్షరముల క్రింద అలవలె వంకర గీత యుండును. తన సందేహమును దాచక పాఠకుని కెదుట పెట్టుట పాండిత్యమునకు కొరత కాదు, అలంకారము.

ఇప్పుడీ పనిలోనికి కంప్యూటరు వచ్చినది. పండితునితో పనిలేదని కొందరును, తాళపత్రములను యంత్రము ముట్టరాదని కొందరును పలుకుచున్నారు. ఈ రెండు మాటలును యంత్రమేమి చేయునో చూడక పలికిన మాటలే.

మొదటిది, ఛాయాచిత్రము. మసి యనగా బొగ్గు. కంటికి కనబడని పరారుణ కాంతిని బొగ్గు పీల్చుకొనును; ముదిరి గోధుమరంగు తిరిగిన ఆకు అంతగా పీల్చుకొనదు. కావున కంటికి ఆకును అక్షరమును ఒకే నలుపుగా తోచినచోట, పరారుణ కాంతితో తీసిన చిత్రమున అక్షరము విడివడి కనబడవచ్చును. మసి పూర్తిగా రాలిపోయి గీత మాత్రమే మిగిలినచో, దీపమును ప్రక్కనుండి ఏటవాలుగా ఉంచి చిత్రము తీయుదురు. గీతలో నీడ పడి అక్షరము లేచును. గ్రీకు గణితవేత్త ఆర్కిమిడీసు గ్రంథమును గీకివేసి, దానిపై ప్రార్థనలు వ్రాసికొనిన ఒక తోలుపుస్తకము 1998లో వేలమునకు వచ్చినది. దానిని వివిధ కాంతులలో చిత్రించి, గీకివేసిన వ్రాతలో చాలభాగమును విద్వాంసులు చదివిరి.

రెండవది, అక్షరమును సంఖ్యగా మార్చుట. కంప్యూటరునకు ‘క’ అని తెలియదు. 3093 అని తెలియును. ‘ఖ’ 3094. ‘ర’ 3120, శకటరేఫ 3121. ప్రపంచములోని లిపుల కన్నిటికి ఇట్లు సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను ఏర్పాటులో తెలుగు 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియే కలదు. కాని చదువరులు ఒక సంగతి గమనింపవలెను. దంత్య చకార జకారములను గుర్తించు ‘ౘ’ ‘ౙ’ అను అక్షరములకు 2008 వరకు అందులో చోటు లేదు. ప్రాచీన శాసనములలో మాత్రమే కనబడు ‘ఴ’ అను అక్షరమునకు 2014లో గాని చోటు దొరకలేదు. ఎవరో పాతలిపి తెలిసినవారు ‘ఇట్టి అక్షరము తెలుగున కలదు’ అని ఆధారములతో చూపిన పిమ్మటనే యంత్రము దానిని నేర్చినది.

మూడవది పోలిక. ఇందులో యంత్రమునకు సాటి లేదు. ఇరువది ప్రతులలోని పాఠములను సంఖ్యలుగా మార్చి యిచ్చినచో, ప్రతి మాటను ప్రతి మాటతో పోల్చి భేదములన్నియు క్షణములలో పట్టికగా చూపును. దానికి కునుకు లేదు. అంతటితో ఆగక, ఏ ప్రతి ఏ ప్రతికి దగ్గరచుట్టమో లెక్కకట్టి వంశవృక్షమును గీయును. ఆంగ్లకవి చాసరు రచించిన కాంటర్‌బరీ కథలలోని ఒక భాగమునకు మిగిలియున్న పదునైదవ శతాబ్దపు 58 ప్రతులను విద్వాంసులు ఈ తీరున పరిశీలించి, ఫలితమును 1998లో ప్రకటించిరి. వారు వాడిన లెక్క జీవశాస్త్రజ్ఞులది. ఏ ప్రాణి ఏ ప్రాణినుండి చీలినదో తేల్చుటకు ఏర్పరచిన లెక్కను కావ్యప్రతులకు వర్తింపజేసిరి. తల్లి లక్షణము బిడ్డలో కనబడినట్లే తల్లిప్రతిలోని తప్పు బిడ్డప్రతిలో కనబడును గదా!

ఐనను ఇచ్చట నొక చిక్కు కలదు. లేఖకుడొకడు ఒక్క ప్రతిని మాత్రమే చూచి వ్రాసినపుడు వృక్షము చక్కగా వచ్చును. అతడు చదువుకొన్నవాడై, ఇరుగింటి పండితుని కట్టను గూడ తెచ్చి, రెండిటిలో తనకు నచ్చిన పాఠములను ఏరుకొని వ్రాసినచో, ఆ ప్రతికి తల్లులిద్దరు. చీలిన రైలుదారులను మరల కలుపుచు అడ్డముగా నొక దారి వేసినట్లగును. అపుడు వృక్షము వృక్షముగా నుండక వలయగును.

తెలుగు పద్యమునకు వేరొక కాపుదల కలదు. అదియే ఛందస్సు. ఉత్పలమాల పాదమునకు ఇరువది అక్షరములు, పదవ అక్షరము యతిస్థానము. చంపకమాలకు ఇరువదియొకటి, పదునొకండవది యతిస్థానము. ఈ లెక్కలు కంఠస్థము చేయుట విద్యార్థులకు వేప కషాయమని అందరికి తెలిసినదే. కాని గ్రంథములను వందల యేండ్లు నిలిపినది ఈ కషాయమే. లేఖకుడు ఒక అక్షరము విడిచినచో పాదము కుంటును. ప్రాస తప్పినచో వెంటనే వినబడును. ‘మెడ’లో రెండును లఘువులు, ‘మేడ’లో మొదటిది గురువు. ఏత్వము గుర్తింపని ప్రతిలో గూడ గణము చూచి ఏది కవి మాటయో తేల్చవచ్చును. ఈ నియమములను యంత్రమునకు నేర్పినచో వేలకొలది పద్యములను చూచి, ఎచ్చట గణభంగమో, ఎచ్చట యతిభంగమో వరుసగా చెప్పును. నేడు పద్యమును టైపు చేయగానే ఛందోదోషములను చూపు సాధనములు తెలుగున వాడుకలో నున్నవి.

ఇంతవరకు యంత్రమును మెచ్చుకొనవలసినదే. ఇక దాని చేతకానిది చూడవలెను. తెలివిలేని లేఖకునివలన గ్రంథమునకు వచ్చిన కీడు కొద్ది. అతడు అర్థము తెలియక పోయినను కనబడిన గీతలు గీచును; తప్పు తప్పుగానే మిగిలి, తరువాతివారి కంటబడును. తెలివైన లేఖకుడే ప్రమాదకారి. అతనికి కవి వాడిన పాతమాట అర్థము కాలేదు. ఇదేదో తప్పై యుండునని, దాని స్థానమున తన కాలపు సులభమైన మాటను, గణము తప్పకుండ, యతిప్రాసలు చెడకుండ అమర్చినాడు. యంత్రము ఆ పద్యమును పరీక్షించి ‘దోషము లేదు’ అని ముద్ర వేయును. దాని తరువాత నకలు తీసినవారందరు ఆ సులభమైన మాటనే వ్రాయుదురు. పది ప్రతులలో తొమ్మిదింట సులభమైన మాట, ఒకదానిలో ఎవరికిని తెలియని కఠినమైన మాట యున్నచో, ఓట్లు లెక్కించు యంత్రము తొమ్మిదింటినే గెలిపించును. కఠినమైన మాటను సులభము చేయుట లేఖకునకు సహజము, సులభమైన దానిని కఠినము చేయుట అసహజము అని యెరిగిన పండితుడు ఒక్కచోట ఆగి, ఆ ఒంటరి ప్రతివైపు చూచును. ఆ మాట శాసనములలో కలదా, తోడి కవుల కావ్యములలో కలదా, నేటికిని ఏ పల్లెలోనైన పలుకుబడిలో కలదా అని వెదకును. ఇట్టి వెదకుటలో యంత్రము చేదోడు. తీర్పు మాత్రము దానిది కాదు.

ఛందస్సు అను కాపుదల లేని గ్రంథముల మాట యేమి? దీనికి ఉదాహరణము దువ్వాడకు చేరువలోనే కలదు. ఈ ఊరికి ఈశాన్యముగా సింహాచలము కొండ యున్నది. కాకతీయ ప్రతాపరుద్రుని కాలమువాడని చెప్పబడు కృష్ణమాచార్యుడు ఆ కొండపై వెలసిన నరసింహస్వామికి భక్తుడు; స్వామిని సంబోధించుచు వచనములు చెప్పెను. అవి సింహగిరి వచనములని ప్రసిద్ధములు. తాళ్లపాక చినతిరుమలాచార్యులు తమ సంకీర్తన లక్షణమున ఈయనను స్మరించిరి. నాలుగు లక్షల వచనములు చెప్పెనని ప్రతీతి, మిగిలినవి స్వల్పము. అవి పద్యములు కావు. అక్షరము పోయినను గణము కుంటదు. పాదము పెరిగినను యతి తప్పదు. ‘మెడమీద పూలదండ వ్రేలాడుచున్నది’ అని యొక వచనమున ఉన్నదనుకొనవలెను. ఏత్వము గుర్తింపని ఆకులో అది మెడయో మేడయో చెప్పు గణమేది? వచనమును తాళము వేసికొని పాడిన భక్తులు నోటికి వచ్చిన మాటలు చేర్చియు నుందురు. ఇట్టి గ్రంథమునకు ప్రతుల పోలిక తప్ప వేరు దిక్కు లేదు. ఇచ్చట ప్రతి ఆకును విలువైనదే. తప్పులతడకగా నున్న ఆకు గూడ ఒక సాక్షి.

కంప్యూటరు తెచ్చిన మేలులలో వేగమే గొప్పదని చాలమంది తలచుచున్నారు. వేగము కంటె గొప్ప మేలొకటి కలదు. పరిష్కర్త చేసిన ప్రతి నిర్ణయమును ఎవరైనను పరీక్షింపవచ్చును. అచ్చుపుస్తకమున చోటు తక్కువ. పాఠభేదములు కొన్నియే అడుగున పట్టును. ఆకు స్వరూపము చూపుటకు అసలు వీలులేదు. కంప్యూటరులో ఆకు చిత్రమును, దానిలో నున్నదున్నట్లు తీసిన అక్షరప్రతిని, తక్కిన ప్రతుల పాఠములను, పరిష్కర్త కుదిర్చిన పాఠమును వేరువేరుగా నిలిపి, ప్రక్కప్రక్కన చూపవచ్చును. ఇది ఆకు విరిగినచోటు, ఇది లేఖకుడు కొట్టివేసినది, ఇది పరిష్కర్త ఊహించి పూరించినది అని గుర్తులు పెట్టుటకు 1987లో ప్రారంభమైన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ అను సంస్థ నియమములు ఏర్పరచినది. ప్రతి గుర్తు వద్దను ఆ నిర్ణయము ఎవరిదో వారి పేరు నిలుపవచ్చును.

ఇది లేకపోవుటవలన కలిగిన నష్టమునకు తెలుగు సాహిత్యచరిత్రలోనే సాక్ష్యమున్నది. మానవల్లి రామకృష్ణకవి తంజావూరు గ్రంథాలయమున దొరకిన ప్రతి ఆధారముగా నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలువరించెను. నన్నెచోడుడు నన్నయకంటె ప్రాచీనుడని ఆయన వాదము. దానితో పండితలోకమున కలకలము పుట్టినది. నన్నయకు పూర్వుడా, పరుడా అను చర్చ మొదట సాగినది. అంతటితో నిలువక, ఈ కావ్యము ప్రాచీనమే కాదను వాదము గూడ లేచినది. విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులైన కొర్లపాటి శ్రీరామమూర్తి అట్లు వాదించినవారిలో నొకరు. పెక్కుమంది విద్వాంసులు దానిని అంగీకరింపలేదు. ఎవరి పక్షము సరియైనదో తేల్చుట ఇచ్చటి పని కాదు. చదువరులు చూడవలసినది వేరు. ఇంత పెద్ద వివాదమున పాల్గొన్నవారిలో ఎందరు ఆ ఆకులను కన్నులార చూడగలిగిరి? చూడవలెనన్న తంజావూరు పోవలెను, అనుమతి పొందవలెను. చూడలేనివారు అచ్చుపుస్తకమును పట్టుకొని శైలినిబట్టి, వ్యాకరణమునుబట్టి వాదించిరి. ఆకుల చిత్రములు ఆనాడే అందరికి అందియున్నచో వివాదమంతయు తీరెడిదని చెప్పరాదు. లిపి ఏ కాలముది, దిద్దుబాటు లెచ్చట ఉన్నవి అను చర్చ మాత్రము కన్నుల యెదుట జరిగియుండెడిది. ఒక మంచి పండితుని నిజాయితీని గూర్చి వాదించుటకంటె ఆకును గూర్చి వాదించుట మేలు.

కావున చిత్రములు తీసినంతమాత్రమున పని ముగిసినట్లు కాదు. భారతప్రభుత్వము 2003లో జాతీయ వ్రాతప్రతుల సంస్థను నెలకొల్పినది. 2025లో జ్ఞాన భారతం అను కార్యక్రమమును ప్రకటించి, కోటికి పైగా వ్రాతప్రతులను గుర్తించి భద్రపరుపదలచినది. ఈ సంకల్పము కొనియాడదగినది. ఐతే తాళము వేసిన బీరువాలోని ఆకును చిత్రించి, ఆ చిత్రమును తాళము వేసిన కంప్యూటరులో నుంచినచో పరిశోధకునకు కలిగిన లాభమేమి? తమ యింటి కట్టను ఇచ్చుటకు జంకు కుటుంబములవారి భయము వేరు. ఇచ్చినది తిరిగి రాదని వారి బెంగ. వారికి కట్టను తిరిగి యప్పగించి, చిత్రము క్రింద వారి ఇంటిపేరు నిలుపుట న్యాయము. ప్రజల సొమ్ముతో నడచు గ్రంథాలయములకు అట్టి భయము చెప్పుకొనుటకు వీలులేదు. మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నదానిని, తంజావూరు సరస్వతీ మహలులో నున్నదానిని దువ్వాడలోని విద్యార్థి ఇంటనుండియే చూడగలిగిననాడే ఆ చిత్రములకు సార్థకత.

యంత్రమును గ్రుడ్డిగా నమ్మరాదనుటకు మరియొక కారణమున్నది. జాగ్రత్త పరచిన తాటియాకు రెండు మూడు వందల యేండ్లు నిలుచుట కలదు. 1990 ప్రాంతమున ఫ్లాపీలపై వ్రాసియుంచినదానిని నేడు చదువుటకు పరికరమే అరుదు. కావున కంప్యూటరులోని గ్రంథమునకును నకలు తీయుట తప్పదు. ఒక్కచోట గాక పలుచోట్ల నుంచవలెను, కొన్ని యేండ్ల కొకసారి క్రొత్త సాధనములలోనికి మార్చవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొని పడిననాడు ఇండ్ల పైకప్పులు ఎగిరిపోయినవి. అట్టి దినమున అటకమీద నున్న తాళపత్రపు కట్టకును, ఒకే గదిలో నున్న కంప్యూటరునకును ప్రమాదము సమానమే. తాతలు ఆకులపై చేసిన పనినే మనుమలు యంత్రముపై చేయవలసియున్నది.

చేతివ్రాతను చూచి తానే చదువగల యంత్రములు ఇప్పుడు వచ్చినవి. వాటికి చదువు వచ్చుట పిల్లలకు వచ్చినట్లే. ఆకు చిత్రమును, దానిని మనుష్యుడు చదివి వ్రాసిన పాఠమును ప్రక్కప్రక్కన పెట్టి, అట్టివి వందలకొలది చూపినచో యంత్రము క్రమముగా నేర్చును. చూపువాడు తప్పుగా చదివినచో యంత్రము ఆ తప్పునే నేర్చి, వేల ఆకులలో అదే తప్పు చేయును. వెనుకటి లేఖకుని తప్పు ఒక కట్టకే పరిమితము. ఇది గ్రంథాలయమంతటికి ప్రాకును. గొలుసుకట్టు వ్రాతను, పాత ఒత్తులను, విరిగిన అక్షరములను తడుముకొనకుండ చదువగలవారు నేడు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. వారిలో పెక్కురు వృద్ధులు. యంత్రమునకు గురువులు కావలసినవారు వారే. వారు ఉండగనే వారివద్ద పాతలిపి చదువుట నేర్చుకొను పడుచువారు కావలెను. కంప్యూటరు విద్య నేర్చినవారికి దువ్వాడ ప్రాంతమున కొదువ లేదు. వారిలో కొందరికి తాళపత్రము చదువుట గూడ వచ్చినచో, సింహగిరి వచనముల ఆకు తెరపై నిలిచినపుడు దానిలోని యక్షరము ‘మె’యో ‘మే’యో యంత్రము తేల్చలేక రెండిటిని చూపి ఆగినచోట, తక్కిన ప్రతులను త్రిప్పి చూచి, తోచిన పాఠమును వ్రాసి, సందేహమున్నచో వంకర గీత గీచి, తమ పేరు నిలుపుదురు.